కండక్టరు ఎమ్మెల్యే

పార్టీ టికెట్ తనకు వచ్చిందన్న సంగతి సీతారామయ్యకు పామర్రు సెంటర్లో తెలిసింది. నాగాయలంక నుంచి గుడివాడ వెళ్తున్న బస్సు అప్పుడే ఆగింది. కంట్రోలరు తన గది కిటికీలోంచి చెయ్యి ఊపి, నీకు ఫోనొచ్చిందయ్యా అని పిలిచాడు. అవతల మాజీ మంత్రి గోవర్ధనరావు. పేరు ఖాయమైందనీ, ఆ రోజే ఉద్యోగానికి రాజీనామా ఇవ్వమనీ, మర్నాడు పొద్దున్నే తన ఇంటికి రమ్మనీ చెప్పి, జవాబు కోసం ఆగకుండా పెట్టేశాడు.

సీతారామయ్య బయటికొచ్చి, బస్సు ముందు నుంచి తిరిగి వెళ్ళి డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాడు. డ్రైవరు మొయినుద్దీన్ పదకొండేళ్ళుగా అతనితో ఒకే డ్యూటీ చేస్తున్నాడు. చెప్పిందంతా విని, కాసేపు అద్దంలోకి చూశాడు. వెనక నిలబడ్డ జనం కనిపించి ఉంటారు.

"సరే సీతయ్యా. ముందు ఎక్కినవాళ్ళకి టికెట్లు కొట్టు" అన్నాడు.

సీతారామయ్య వెనక తలుపులోంచి ఎక్కి టికెట్లు కొట్టాడు. గుడివాడ డిపోలో టికెట్ల ట్రే, డబ్బు బ్యాగు అప్పగించి, అక్కడే ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని రాజీనామా రాశాడు. ఇరవై ఒక్కేళ్ళ ఉద్యోగం మూడు వాక్యాల్లో అయిపోయింది.

అప్పటికి అతని వయసు నలభై ఆరు. పుట్టింది పెడనలో, మగ్గం నేసే ఇంట్లో. అన్నలిద్దరూ తండ్రి పనే పట్టుకున్నారు. సీతారామయ్య మాత్రం ఇంటర్ దాకా చదివి, కండక్టరు ఉద్యోగానికి ఎంపికై గుడివాడ వచ్చాడు. మొదట్నుంచీ అతనికి నాగాయలంక రూటే పడింది. సాయంత్రం వెళ్ళి అక్కడే ఆగి, పొద్దున్నే బయల్దేరే బస్సు. నాగాయలంక బస్టాండు పక్కన ఒకాయన టీ, టిఫిన్లు అమ్మేవాడు. ఆయన కూతురు వీరలక్ష్మి. మూడేళ్ళపాటు ఆ అమ్మాయి చేతి ఇడ్లీలు తిన్నాక సీతారామయ్య ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. అలా అతను దివిసీమకు అల్లుడయ్యాడు. బస్సెక్కిన ఆడవాళ్ళు సగంమంది అతన్ని బావగారూ అనో, తమ్ముడూ అనో పిలిచేవాళ్ళు. ఎవరు ఎక్కడ దిగుతారో, ఎవరి కోడల్ని అవనిగడ్డ ఆస్పత్రిలో చేర్చారో, ఎవరి చెరువులో రొయ్యకి జబ్బు తగిలిందో అతనికి తెలుసు. మందుల చీటీలు పట్టుకెళ్ళి మందులు తెచ్చిచ్చేవాడు. శుభలేఖలు పంచేవాడు. ఇవన్నీ ఓట్ల కోసం చేసినవి కావు. ఆ రోజుల్లో అతని తలలో ఓట్ల ఆలోచన లేదు.

అతని పేరు దివిసీమ దాటి వినపడటానికి కారణం పార్టీ టికెట్ రావడానికి ఆరేళ్ళ ముందు వచ్చిన తుఫాను. ఆ రోజు మధ్యాహ్నం నాగాయలంకలో బస్సులన్నీ ఆపేయమని కబురొచ్చింది. సముద్రం వైపు పల్లెల్లో జనం కట్ట మీద మూటలతో నిలబడి ఉన్నారనీ, వాళ్ళకోసం రావలసిన లారీలు రాలేదనీ ఎవరో సైకిలు మీద వచ్చి చెప్పారు. సీతారామయ్య డిపోకు ఫోను చేద్దామని చూశాడు. లైను కలవలేదు. మొయినుద్దీన్ టీ గ్లాసు కింద పెట్టి స్టీరింగు ముందు కూర్చున్నాడు. లైను కలిస్తే వద్దంటారు, కలవకముందే వెళ్దాం పద, అన్నాడు. నాలుగు ట్రిప్పులు వేశారు. ఆఖరి ట్రిప్పుకి రోడ్డు ఎక్కడుందో కనపడక, సీతారామయ్య మోకాలిలోతు నీళ్ళలో ముందు నడుస్తూ, వెదురుకర్రతో నేల పొడిచి చూస్తుంటే, మొయినుద్దీన్ ఆ కర్ర వెనకే బస్సు నడిపాడు. మూడొందల పైచిలుకు మందిని అవనిగడ్డ హైస్కూల్లో దించారు.

వారం తర్వాత ఒక అధికారి సీతారామయ్యకు చార్జిషీటు ఇచ్చాడు. టికెట్లు ఇవ్వకుండా ప్రయాణికుల్ని ఎక్కించుకున్నాడని అందులో ఉంది. పత్రికలవాళ్ళకి కావలసింది అదే. తలుపు దగ్గర నిలబడి ముసలమ్మల్ని చెయ్యందించి ఎక్కిస్తున్న కండక్టరు ఫోటో ఎవరి దగ్గరో దొరికింది. చార్జిషీటు వెనక్కి పోయింది. సీతారామయ్య యూనియన్ కార్యదర్శి అయ్యాడు. మొయినుద్దీన్ పేరు ఒక్క పేపర్లో వచ్చింది, అదీ మొహిద్దీన్ అని. పేపరు చూపిస్తే నవ్వి, డ్రైవరు మొహం ఎవరికీ కనపడదు, వీపే కనపడుతుంది అన్నాడు.

ఎన్నికలు వచ్చినప్పుడు దివిసీమ నియోజకవర్గంలో పార్టీ రెండు వర్గాలుగా చీలి ఉంది. రెండు వైపులా భూములున్నవాళ్ళే, రైసు మిల్లులున్నవాళ్ళే. ఒకరికి టికెట్టిస్తే రెండోవాళ్ళు ఓడించడం ఖాయం. గోవర్ధనరావు చాలా ఆలోచించి, ఏ వర్గానికీ చెందనివాడు, కులం లెక్కల్లో ఎవరికీ అడ్డు కానివాడు ఒకడుండాలన్నాడు. అలాంటివాడు సీతారామయ్య ఒక్కడే కనిపించాడు. కండక్టరుకి టికెట్టిచ్చారట అని రెండు వారాలు జనం నవ్వుకున్నారు. ఆ నవ్వు కూడా కలిసొచ్చింది. మొయినుద్దీన్ సెలవు పెట్టి ప్రచారం జీపు నడిపాడు. ఎక్కడ ఏ అరుగు ముందు ఆపాలో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పంతొమ్మిదొందల ఓట్ల తేడాతో సీతారామయ్య ఎమ్మెల్యే అయ్యాడు.

అప్పటికింకా రాష్ట్రం ఒక్కటే. అసెంబ్లీ హైదరాబాదులో. ఎమ్మెల్యే క్వార్టర్సులో ఇచ్చిన ఇల్లు వీరలక్ష్మికి నచ్చలేదు. నీళ్ళ రుచి వేరని చెప్పి గుడివాడ అద్దె ఇంట్లోనే ఉండిపోయింది. సీతారామయ్య రెండుచోట్లా తిరిగాడు. మొదటి ఏడాది అతను ఎవరు లోపలికి వచ్చినా లేచి నిలబడేవాడు. పీఏ చెవిలో చెప్పి చెప్పి ఆ అలవాటు మాన్పించాడు. పొద్దున్న ఆరింటి నుంచే వరండా నిండా జనం. బదిలీలు, పింఛన్లు, రేషను కార్డులు, కాలేజీ సీట్లు. అతను అందరికీ ఉత్తరాలు ఇచ్చేవాడు. వాటిలో ఏవి పనిచేస్తాయో, ఏవి చెయ్యవో రెండో ఏటికి తెలిసింది. గోవర్ధనరావు వెనక నుంచి ఒక మాట చెబితే పనిచేసేవి. లేకపోతే లేదు.

చేసిన పనులు లేకపోలేదు. రెండు పల్లెలకు సాయంత్రం బస్సు వేయించాడు. ఒక కల్వర్టు కట్టించాడు. జూనియర్ కాలేజీకి సైన్సు గది వచ్చింది. పెద్ద డ్రెయిను ఒకటి తవ్వించాడు గానీ, అది రెండు వానాకాలాలకే మళ్ళీ పూడింది. సభలో అయిదేళ్ళలో నాలుగుసార్లు మాట్లాడాడు. మంచినీళ్ళ చెరువుల్లోకి ఉప్పునీరు ఊరుతున్న సంగతి చెప్పినప్పుడు, విషయం పరిశీలనలో ఉందని మంత్రి జవాబిచ్చాడు. ఆ జవాబు కాగితం సీతారామయ్య చాలాకాలం దాచుకున్నాడు.

నాలుగో ఏట ఆర్టీసీలో జీతాల సవరణ కోసం సమ్మె మొదలైంది. గుడివాడలో టెంటు వేశారు. అది సీతారామయ్య ఇంటికి రెండు వీధుల అవతల. మొదటి వారం అతను హైదరాబాదులో ఉండి రాలేదు. ఎనిమిదో రోజు ఇంటికొచ్చాడని తెలిసి, సాయంత్రం మొయినుద్దీన్, ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్ళు పెద్దగా ఏమీ అడగలేదు.

"ఒక్క గంట వచ్చి కూర్చో, చాలు. మాట్లాడక్కర్లేదు. మన సీతయ్య వచ్చాడని కుర్రాళ్ళు చూస్తే చాలు" అన్నాడు మొయినుద్దీన్.

సీతారామయ్య వస్తానన్నాడు. రేపు పదింటికి. నువ్వే వచ్చి తీసుకెళ్ళు భాయ్, ఒక్కణ్ణే వస్తే బాగుండదు అని కూడా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే వెళ్దామనుకున్నాడు.

మర్నాడు ఏడింటికి గోవర్ధనరావు ఫోను. బందరులో మంత్రిగారి సమీక్ష ఉంది, తొమ్మిదికల్లా అక్కడుండమన్నాడు. సీతారామయ్య టెంటు సంగతి ఎత్తాడు.

"నిన్ను అసెంబ్లీకి పంపింది మేము. ఆ టెంటు కాదు" అన్నాడు గోవర్ధనరావు.

ఎనిమిదింటికి కారు బయల్దేరింది. మొయినుద్దీన్‌కి కబురు పెట్టాలని దారిలో గుర్తొచ్చింది. పెట్టలేదు. బందరులో సమీక్ష అయ్యాక బయట మైకులు పట్టుకుని టీవీవాళ్ళు నిలబడి ఉన్నారు. మీరు ఒకప్పుడు కండక్టరు కదా, సమ్మె మీద ఏమంటారని ఒకతను అడిగాడు. పక్కన మంత్రిగారున్నారు. సామాన్యులు ఇబ్బంది పడుతున్నారు, కార్మిక సోదరులు విధుల్లో చేరాలని కోరుతున్నాను అన్నాడు సీతారామయ్య. సాయంత్రం ఆ మాట టీవీలో మూడుసార్లు వచ్చింది.

ఇంటికొచ్చేసరికి వీరలక్ష్మి గుమ్మంలోనే ఉంది. మొయినుద్దీన్ అన్నయ్యగారు పదికి ముందే వచ్చారనీ, పదకొండున్నర దాకా వరండాలో కూర్చున్నారనీ, ఉప్మా పెడితే తిని వెళ్ళారనీ చెప్పింది. తను రెండుసార్లు ఫోను చేస్తే ఎందుకు ఎత్తలేదని అడిగింది. మీటింగులో ఉన్నానన్నాడు.

అదే రోజు పది గంటల నలభై నిమిషాలకు, గుడివాడలో సమ్మెతో ఆగిన బస్సుల బదులు తిప్పుతున్న ఒక ప్రైవేటు బస్సు అద్దం మీద రాళ్ళు పడ్డాయి. డ్రైవరు కంటికి దెబ్బ తగిలింది. సాయంత్రానికి ఎవరో, రాళ్ళు వేసింది వీళ్ళేనంటూ అధికారులకు పదకొండు పేర్లతో జాబితా రాసిచ్చారు. యూనియన్‌లో గట్టిగా తిరిగే ప్రతివాడి పేరూ అందులో ఉంది. మొయినుద్దీన్ పేరు నాలుగోది.

సమ్మె పంతొమ్మిదో రోజున ముగిసింది. అందర్నీ తీసుకున్నారు, ఆ పదకొండు మందిని తప్ప. విచారణలో మొయినుద్దీన్ తన వివరణ రాసిచ్చాడు. ఆ సమయానికి తాను ఎమ్మెల్యే గారి ఇంటి వరండాలో ఉన్నానని అందులో ఉంది. ఇది నిజమేనా అని విచారణాధికారి సీతారామయ్యకు ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరం పీఏ బల్ల మీద అయిదు రోజులు ఉంది. నిజమని రాస్తే, సమ్మెవాళ్ళని ఇంటికి పిలిచిందెవరు, టెంటుకి వస్తానని మాటిచ్చిందెవరు అన్న ప్రశ్న గోవర్ధనరావు దాకా వెళ్తుంది. ఎన్నికలు ఇంకో ఏడాదిలో ఉన్నాయి. ఆరో రోజున ఏం రాయమంటారని పీఏ అడిగాడు.

"ఆ రోజు నేను ఊళ్ళో లేను, బందరు సమీక్షలో ఉన్నాను అని రాయి" అన్నాడు సీతారామయ్య.

అందులో అబద్ధం లేదు. సంతకం పెడుతున్నప్పుడు కూడా అతను తనకు తాను ఆ మాటే చెప్పుకున్నాడు. మొయినుద్దీన్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు సీతారామయ్య ఇంకే పని మీదా పెట్టని శ్రద్ధ ఒక్క పని మీద పెట్టాడు. మంత్రి దగ్గరికి ఆరుసార్లు వెళ్ళాడు. పెద్ద అధికారుల గదుల బయట బల్లల మీద కూర్చున్నాడు. ఒకసారి, ఈ మనిషి మీద మీకింత ఆసక్తేమిటండీ అని ఒకాయన అడిగితే, కుటుంబం ఇబ్బందుల్లో ఉందండీ అన్నాడు. చివరికి కనికరం కింద తీసుకుంటామన్నారు. నేరం రికార్డులో అలాగే ఉంటుంది. పాత సర్వీసు లెక్కలోకి రాదు. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపినవాణ్ణి కొత్త డ్రైవరుగా చేర్చుకుంటారు.

ఉద్యోగం పోయాక మొయినుద్దీన్ గుడివాడలో ఇల్లు ఖాళీ చేసి, బందరు ఇనుగుదురుపేటలో తండ్రి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆర్డరు కాపీ తీసుకుని సీతారామయ్య స్వయంగా వెళ్ళాడు. కారు సందు మొదట్లో ఆపించి నడిచాడు. మొయినుద్దీన్ భార్య మజీదా కుర్చీ వేసి లోపలికి వెళ్ళింది. మొయినుద్దీన్ నిలబడే కాగితం రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"శ్రమ తీసుకున్నారు ఎమ్మెల్యే గారూ" అన్నాడు.

అతన్ని మొయినుద్దీన్ మీరు అనడం అదే మొదలు. సీతారామయ్య దారి పొడుగునా కొన్ని మాటలు అనుకుంటూ వచ్చాడు. అవి మొదలుపెట్టబోయాడు.

"భాయ్, ఆ రోజు నేను..."

"టీ తాగండి. చల్లారిపోతుంది."

సీతారామయ్య టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి లేచాడు. మజీదా గుమ్మం దాకా వచ్చి, వదిన గారిని అడిగానని చెప్పండి అంది.

ఎన్నికలు వచ్చాయి. టికెట్ గోవర్ధనరావు మేనల్లుడికి ఇచ్చారు. సీతారామయ్యకు సొంత వర్గం అంటూ లేదు కాబట్టి ఈసారి కష్టమన్నారు. అయిదేళ్ళ కిందట టికెట్ ఇచ్చినప్పుడు చెప్పిన కారణం కూడా అదే. అతను వాదించలేదు. ఆరు రోజులు జీపెక్కి మేనల్లుడి తరఫున ప్రచారం కూడా చేశాడు. మేనల్లుడు ఓడిపోయాడు. ఫలితాలు వచ్చిన నెలకి గుడివాడ ఇంటి వరండా ఖాళీ అయింది. పీఏ ఇంకొకరి దగ్గర చేరాడు. ఇంటి గోడ మీది నేమ్‌ప్లేటులో ఎమ్మెల్యే ముందు మాజీ అని చేర్చాలా అని పెయింటరు అడిగితే, ప్లేటే తీసేయమంది వీరలక్ష్మి.

తర్వాతి సంవత్సరాలు పెద్దగా చెప్పుకునేవి కావు. రాష్ట్రం విడిపోయింది. పార్టీలో కొత్తవాళ్ళు వచ్చారు. ఒకట్రెండుసార్లు వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. మాజీ సభ్యుడికిచ్చే పింఛనుతో ఇల్లు గడిచింది. పిల్లలు లేరు. రిటైరైన బస్సు కార్మికులకు గుడివాడలో ఒక సంఘం గది ఉంది. ఒక మంగళవారం ఎవరికో దరఖాస్తు రాసిపెట్టడానికి వెళ్ళి, తర్వాత ప్రతి మంగళవారమూ వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. సంవత్సరాల తరబడి అధికారులకు ఉత్తరాలు రాయించిన మనిషి కాబట్టి ఏ కాగితం ఏ గదికి వెళ్ళాలో తెలుసు. పేరులో అక్షరం తప్పు, పుట్టిన తేదీ తప్పు, వితంతు పింఛను రాకపోవడం, ఇలాంటివి. పనులు అయ్యేవి. కొందరు ఎమ్మెల్యే గారనీ, కొందరు కండక్టరు గారనీ పిలిచేవాళ్ళు. రెండింటికీ పలికేవాడు.

అలాంటి ఒక మంగళవారం బెంచీ చివర ఒకామె కూర్చుని ఉంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు. తన వంతు వచ్చేదాకా ఆగింది.

"నా పేరు నీలోఫర్ అండీ. బందరు నుంచి వచ్చాను. మొయినుద్దీన్ గారి అమ్మాయిని" అంది.

ఆమెను అతను చివరిసారి చూసినప్పుడు స్కూలు యూనిఫారంలో ఉంది. ఇప్పుడు ఒక స్కూల్లో లెక్కలు చెబుతోందట. తండ్రి రిటైరై చాలాకాలమైందనీ, పింఛనుని మొదట ఉద్యోగంలో చేరిన తేదీ నుంచి కాక కొత్త నియామకం నుంచి లెక్కగట్టారనీ, ఇల్లు గడవక అరవై మూడో ఏటి దాకా స్కూలు వ్యాను నడిపారనీ చెప్పింది. చెబుతున్నప్పుడు గొంతులో నిష్ఠూరం లేదు. ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. ఒక వకీలు ఫైలు చూసి, కొత్త సాక్ష్యం ఉంటే పైఅధికారి దగ్గర మళ్ళీ విచారించమని అడగొచ్చన్నాడట.

సీతారామయ్య ఫైలు తెరిచాడు. తన సంతకం ఉన్న ఉత్తరం మూడో కాగితం.

"అఫిడవిట్ నేనిస్తానమ్మా" అన్నాడు.

"మీది పనికిరాదండీ. మీరు ఆ రోజు ఊళ్ళో లేరు కదా" అంది నీలోఫర్. "మీ ఇంట్లో అమ్మగారు ఇవ్వాలి. ఆవిడ పేరు అప్పుడే రాద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. ఆడవాళ్ళని ఎంక్వయిరీకి లాగడమెందుకు, సీతయ్య చెబుతాడుగా అన్నారట."

ఆయన పంపాడా అని సీతారామయ్య అడిగాడు. తను వస్తున్నట్టు ఇంట్లో చెప్పలేదంది. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళాలని లేచింది. అతను బస్టాండు దాకా వెంట నడిచి, బస్సు కదిలేదాకా ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి వీరలక్ష్మి పెరటి అరుగు మీద రొయ్యలు ఒలుస్తోంది. నాగాయలంక నుంచి తమ్ముడు పంపినవి. సీతారామయ్య ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. నీలోఫర్ వచ్చిందని చెప్పాడు. ఎందుకు వచ్చిందో చెప్పాడు. ఆమె చేతులు ఆగలేదు.

"రాళ్ళు పడింది ఎన్నింటికని రాశారు?"

"పది నలభై."

"పది నలభైకి ఆయన మన వరండాలో ఉన్నారు."

"అవును."

"మీకు తెలుసుగా. ఆ సాయంత్రమే చెప్పాను."

"తెలుసు."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి. ఇన్నేళ్ళూ వీరలక్ష్మి అనుకున్నది వేరు. మొయినుద్దీన్ ఉద్యోగం సమ్మెలో ఉన్నందుకు పోయిందనీ, భర్త పోరాడి తిరిగి ఇప్పించాడనీ అనుకుంది. బంధువుల్లో ఆ సంగతి గొప్పగా చెప్పుకుంది కూడా.

"నన్నడిగితే నేను చెప్పేదాన్ని కదండీ" అంది.

"అందుకే అడగలేదు" అన్నాడు సీతారామయ్య.

ఆమె లేచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. ఒలిచినవీ ఒలవనివీ అలాగే ఉన్నాయి. కాకులు వస్తుంటే అతను వాటి పక్కనే కూర్చున్నాడు. సాయంత్రం ఆమె నీలోఫర్ నంబరు అడిగింది. అంతకుమించి ఆ వారమంతా అతనితో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మందులు చేతికిచ్చింది.

విచారణ విజయవాడలో జరిగింది. వీరలక్ష్మి నీలోఫర్‌తో కలిసి ముందే వెళ్ళింది. సీతారామయ్యకు కూడా పిలుపు రావడంతో వెనక బస్సులో వెళ్ళాడు. అధికారి వయసులో చిన్నవాడు. మర్యాదగానే అడిగాడు. ఇన్నేళ్ళ కిందటి రోజు, అదీ టైముతో సహా, ఎలా గుర్తుందమ్మా అన్నాడు.

"ఆయన గేటు వంకే చూస్తూ కూర్చున్నారండీ. నేను లోపల్నుంచి రెండుసార్లు ఫోను చేశాను. గడియారం చూసుకుంటూ చేశాను. ఇంటికి రమ్మన్న మనిషిని అలా కూర్చోబెట్టినందుకు నాకు సిగ్గేసింది. సిగ్గేసిన రోజు మర్చిపోమండీ" అంది వీరలక్ష్మి.

తర్వాత సీతారామయ్యను అడిగారు. ఆ సాయంత్రం భార్య చెప్పిన విషయం అప్పట్లో ఉత్తరంలో ఎందుకు రాయలేదన్నారు. టికెట్ పోతుందని రాయలేదండీ అన్నాడు. గుమాస్తా ఆ వాక్యం రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నాడు. ఇంత చెప్పడానికి తనకు ఏమీ ఖర్చు కాలేదని సీతారామయ్యకు తెలుసు. పోయేది ఏదైనా మిగిలి ఉన్నప్పుడు చెప్పి ఉంటే దాని విలువ వేరు. బయట వరండాలో మొయినుద్దీన్ ఉన్నాడు. తెల్లటి గడ్డం, చేతిలో నీళ్ళసీసా. వీరలక్ష్మిని చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. సీతారామయ్య వైపు తల ఊపాడు. అంతే.

జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. ఎనభై దాటిన గోవర్ధనరావు ఎవరిచేతో ఫోను చేయించి, ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ అన్నాడు. అవతల ఒక మనిషి పింఛను ఆగిందండీ అన్నాడు సీతారామయ్య.

ఆర్డరు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నేరం రుజువు కాలేదనీ, పాత సర్వీసు కలిపి పింఛను తిరిగి లెక్కగట్టాలనీ ఉంది. ఫోనులో నీలోఫర్ చదివి వినిపించింది. నాన్న ఏమన్నారమ్మా అని అడిగాడు. కళ్ళజోడు తెప్పించుకుని చదివారనీ, రాళ్ళు వెయ్యలేదని రాశారా లేదా అని మళ్ళీ మళ్ళీ చూసుకున్నారనీ, డబ్బు సంగతి అడగలేదనీ చెప్పింది.

సీతారామయ్య బందరు వెళ్ళాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు వీరలక్ష్మి ఒక్కతే బయల్దేరింది. తను వస్తానని అతను అనలేదు, రమ్మని ఆమె పిలవలేదు. సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చి, చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుంది. మజీదా భోజనం పెట్టిందట. కొడుకు అబ్రార్‌కి విశాఖపట్నంలో ఉద్యోగమట. ఇంటి పైకప్పు కొత్తగా వేయిస్తున్నారట. మొయినుద్దీన్ ఆమె మోకాళ్ళ నొప్పుల గురించి అడిగాడట.

"నా గురించి అడిగాడా?" అన్నాడు సీతారామయ్య.

"అడగలేదు. నేనూ ఎత్తలేదు."

అతను తల ఊపాడు. ఆమె లేచి వెళ్ళి స్టవ్ వెలిగించింది. కాసేపటికి రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, ఒకటి అతని ముందు పెట్టి, రెండోది తీసుకుని ఎదురుగానే కూర్చుంది. చాలాకాలంగా ఆమె తన టీ వంటింట్లోనే తాగుతోంది.

మంగళవారం అతను మామూలుగా సంఘం గదికి వెళ్ళాడు. ఆ రోజు నలుగురు వచ్చారు. పామర్రు దగ్గర్నుంచి వచ్చిన వీరదుర్గ అనే ఆమెకు చనిపోయిన భర్త ఇంటిపేరు రికార్డులో తప్పు పడి పింఛను ఆగిపోయింది. సీతారామయ్య ఆమె తెచ్చిన కాగితాలు వరసగా పెట్టి చూశాడు. ఒక కాగితం తక్కువైంది. అది ఎక్కడ ఇస్తారో, ఎన్ని గంటలకు వెళ్తే ఆ గుమాస్తా దొరుకుతాడో ఆమెకు చెప్పి, తర్వాతి మనిషిని పిలిచాడు.